సీటు వచ్చిన రోజు ఫొటో, ఆ తర్వాత ఎనిమిదేళ్లు

పేదింటి పిల్లకు పేరున్న ప్రైవేటు బడిలో సీటు వచ్చిందన్న వార్త ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. కొత్త యూనిఫాం, ఇంకా మడతలు పోని బ్యాగు, పక్కన కొంగుతో కళ్లొత్తుకుంటున్న తల్లి. తండ్రి కూలికి వెళ్తాడనో, తల్లి నాలుగిళ్లలో పని చేస్తుందనో మొదటి వాక్యంలోనే చెప్పేస్తారు. చివర్లో ఆ పిల్ల డాక్టర్ అవుతానంటుంది. ఇలాంటి వార్తలు నన్ను ఇప్పటికీ కదిలిస్తాయి. కదిలించాలి కూడా.

కొన్ని నెలలకు లోపలి పేజీలో ఇంకో వార్త వస్తుంది. ప్రభుత్వం ఫీజు బకాయిలు కట్టలేదని, ఇలాగైతే ఈ పిల్లల్ని చేర్చుకోలేమని యాజమాన్యాల సంఘం హెచ్చరిస్తుంది. ఇంకొన్నాళ్లకు విషయం కోర్టుకెక్కుతుంది. అప్పుడు మళ్లీ మొదటి పేజీ. ఈ మూడూ ఒకే విధానం గురించిన వార్తలు. మూడూ వరసగా చదివినా మాత్రం ఒక మామూలు ప్రశ్నకు జవాబు దొరకదు: ఆ ఫొటోలోని పిల్ల ఇప్పుడు ఏ క్లాసులో ఉంది? ఇంకా అదే బడిలో ఉందా?

పేద పిల్లలకు ప్రైవేటు బడి తలుపులు తెరిచే విధానాల మీద ఏ దేశంలోనైనా మీడియా చాలా రాసింది. దాదాపు అంతా గుమ్మం దగ్గరే నిలబడి రాసింది. లోపలికి ఎవరు వెళ్లారు, ఎవరిని ఆపారు, ఎవరు డబ్బు కట్టారు అన్నదే కథ. లోపల ఏం జరిగిందన్నది, అసలు గుమ్మం దాకా రానివాళ్లు ఎవరన్నది కథలోకి రావడం తక్కువ. ఈ విధానాలు మంచివా కావా అన్నది తేలేది అక్కడే కాబట్టి ఇది నాకు చాలా పెద్ద లోటుగా కనిపిస్తుంది.

ముందుగా ఈ విధానాలేమిటో క్లుప్తంగా చూద్దాం. స్థూలంగా మూడు దారులు. మొదటిది వౌచర్: ప్రభుత్వం డబ్బును బడికి కాకుండా పిల్లల పేరు మీద కేటాయిస్తుంది, పిల్లలు ఏ బడికి వెళ్తే డబ్బు ఆ బడికి వెళ్తుంది. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో రాసిన వ్యాసంతో ఈ ఆలోచనకు పేరొచ్చింది. చిలీలో పినోచెట్ సైనిక ప్రభుత్వం 1981లో దీన్ని పేద, ధనిక తేడా లేకుండా దేశమంతా పెట్టింది. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1990లో పేద కుటుంబాల వరకే మొదలైంది. కొలంబియా 1991లో హైస్కూలు పిల్లల కోసం తెచ్చింది. రెండో దారి ఫీజు సాయం. బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం 1980 చట్టంతో అసిస్టెడ్ ప్లేసెస్ పేరిట దీన్ని పెట్టింది, 1997లో లేబర్ ప్రభుత్వం ఎత్తేసి ఆ డబ్బును చిన్న తరగతుల్లో పిల్లల సంఖ్యను 30కి తగ్గించడానికి మళ్లించింది. మూడోది భారతదేశం పట్టిన దారి. ఇక్కడ పిల్లల చేతికి వౌచర్ ఇవ్వరు, బడి మీదే బాధ్యత పెడతారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, సెక్షన్ 12(1)(సి) కింద, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులు కూడా ఒకటో తరగతిలోనో అంతకు ముందు తరగతిలోనో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉండే బలహీన వర్గాల పిల్లలకు ఇచ్చి, ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఫీజు లేకుండా చదివించాలి.

పేరు పెట్టడంలోనే సగం తీర్పు

ఈ వార్తల్లో మొదట గమనించాల్సింది మాటలు. అమెరికాలో ఒకే పథకాన్ని వ్యతిరేకించేవాళ్లు వౌచర్ అంటారు, సమర్థించేవాళ్లు స్కాలర్‌షిప్ అనో ‘ఎంపిక హక్కు’ అనో అంటారు. వాషింగ్టన్ నగరంలో 2004లో మొదలైన పథకం అధికారిక పేరులోనే అవకాశం, స్కాలర్‌షిప్ అన్న రెండు మాటలూ ఉన్నాయి. వౌచర్ అనగానే ప్రభుత్వ ఖజానా గుర్తుకొస్తుంది, స్కాలర్‌షిప్ అనగానే ప్రతిభ గుర్తుకొస్తుంది. విలేకరి ఏ మాట ఎంచుకున్నాడో చూస్తే, మిగతా వార్త ఎటు నడుస్తుందో చాలాసార్లు ముందే తెలిసిపోతుంది.

మన దేశంలో ఆ పని చేసే మాటలు రెండు: ‘కోటా’, ‘ఉచిత సీటు’. చట్టం చెప్పింది తరగతి బలంలో కనీసం 25 శాతం అని. పేపర్లో అది కోటా అయింది, స్టాఫ్ రూముల్లో ‘ఆర్టీఈ (విద్యాహక్కు) పిల్లలు’, ‘ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) పిల్లలు’ అయింది. ఆ మాట పిల్లవాడి వీపున అంటుకుంటే ఎనిమిదో తరగతి దాకా ఊడదు.

ఇక ‘ఉచితం’. తల్లిదండ్రుల వైపు నుంచి అది నిజమే. కానీ అదే చట్టంలో సెక్షన్ 12(2) ఉంది. ప్రభుత్వం తన బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద ఎంత ఖర్చు పెడుతోందో అంత, లేదా ఆ ప్రైవేటు బడి ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది బడికి తిరిగి కట్టాలి. అంటే బడి దానం చేయడం లేదు, ప్రభుత్వమూ దానం చేయడం లేదు. రాజ్యాంగంలోని 21ఎ అధికరణ ఆ పిల్లకు ఇచ్చిన హక్కు అమలవుతోంది, దాని బిల్లు ప్రజల పన్నులోంచి వెళ్తోంది. వార్తలో ఈ ఒక్క వాక్యం లేకపోతే చదివేవాళ్లకు రెండే బొమ్మలు మిగులుతాయి: దయ చూపిన బడి, లేదా బలవంతాన మెడకు గుదిబండ కట్టించుకున్న బడి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ‘ప్రైవేటు బడి’ అనగానే వార్తలో పడే ఫొటో పెద్ద గేటు, పచ్చిక మైదానం, వరసగా నిలబడ్డ పసుపు బస్సులు. నిజానికి ఇరుకు సందులో రెండంతస్తుల ఇంట్లో నడిచే బడి కూడా ప్రైవేటు బడే. ఏది తక్కువైతే అది అన్న నిబంధన వల్ల ఖరీదైన బడికి ప్రభుత్వం కట్టేదానికీ దాని అసలు ఫీజుకీ మధ్య తేడా మిగిలిపోతుంది. చిన్న బడికి ఆ తేడా ఉండకపోవచ్చు, కానీ డబ్బు ఏడాది ఆలస్యమైతే టీచర్ల జీతాలే ఆగిపోతాయి. ఇవి రెండూ వేర్వేరు కష్టాలు. వార్తలో మాత్రం ‘యాజమాన్యాల ఆందోళన’ అన్న ఒక్క శీర్షిక కిందికి వస్తాయి, దాంతో చిన్న బడి గోడు పెద్ద బడి వాదనకు అరువు బలమవుతుంది.

న్యూయార్క్‌లో ఒక పరిశోధన వార్త అయిన తీరు

మీడియా వీటిని ఎలా చూపిస్తుందో తెలుసుకోవడానికి నాకు తెలిసినంతలో న్యూయార్క్ కథను మించింది లేదు. కాస్త వివరంగా చెబుతాను.

1997లో అక్కడ ప్రైవేటు విరాళాలతో ఒక స్కాలర్‌షిప్ పథకం పెట్టారు. తక్కువ ఆదాయం కుటుంబాల పిల్లలకు ఏడాదికి 1,400 డాలర్ల దాకా. 20 వేలకు పైగా కుటుంబాలు దరఖాస్తు చేశాయి. ఉన్నవి వెయ్యి చిల్లర మాత్రమే కాబట్టి లాటరీ తీశారు. పరిశోధకులకు ఇది వరం. లాటరీ గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ మధ్య అదృష్టం తప్ప వేరే తేడా ఉండదు కనుక, తర్వాత కనిపించే తేడా బడిదే అని చెప్పొచ్చు.

2000 ఆగస్టులో హార్వర్డ్‌కు చెందిన పాల్ పీటర్సన్ బృందం న్యూయార్క్‌తో కలిపి మూడు నగరాల ఫలితాలను విడుదల చేసింది. మొత్తం పిల్లల్లో పెద్ద తేడా కనిపించలేదు, నల్లజాతి పిల్లల్లో మాత్రం రెండేళ్లలో చెప్పుకోదగ్గ మెరుగుదల ఉందన్నారు. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది. వౌచర్ల మీద బుష్, గోర్ వాదించుకుంటున్న రోజులు. వార్త దేశమంతా పాకింది, సంపాదకీయాలు వచ్చాయి, టీవీ చర్చలు నడిచాయి.

న్యూయార్క్ సమాచారాన్ని సేకరించింది మాథమేటికా అనే సంస్థ. ఈ పరిశోధనలో పీటర్సన్ బృందానికి భాగస్వామి కూడా అదే. కొన్ని వారాలకు, సెప్టెంబరులో, ఆ సంస్థ ఒక హెచ్చరిక విడుదల చేసింది. న్యూయార్క్‌లో కనిపించిన మెరుగుదల దాదాపు అంతా ఒక్క తరగతి పిల్లలదే, మిగతా తరగతుల్లో అలాంటిదేమీ లేదు, తొందరపడి తీర్మానాలు చేయొద్దు అని. ఇది మొదటి వార్తకున్న చోటులో ఇసుమంత కూడా దక్కించుకోలేదు. న్యూయార్క్ టైమ్స్‌లో మైఖేల్ వినెరిప్ అనే విద్యా రచయిత ఈ సంగతిని విడమరిచి రాసేసరికి 2003 వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. ప్రిన్స్‌టన్‌కు చెందిన అలన్ క్రూగర్, పెయ్ జూ అదే సమాచారాన్ని తీసుకుని మళ్లీ లెక్కగట్టారు. మొదటి విశ్లేషణలో కిండర్‌గార్టెన్ పిల్లల్ని వదిలేశారు, వాళ్లకు పథకానికి ముందు పెట్టిన పరీక్ష లేదు కనుక. పిల్లవాడు నల్లజాతివాడా కాదా అన్నది తల్లి జాతిని బట్టే నిర్ణయించారు, తండ్రిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ చిన్న పిల్లల్నీ కలిపి, తండ్రి నల్లజాతివాడైన పిల్లల్నీ కలిపి చూస్తే ప్రభావం బాగా చిన్నదైపోయింది, గణాంకపరంగా నిలబడలేదు. పీటర్సన్ బృందం దీన్ని ఒప్పుకోలేదు, సమాధానం రాసింది. పరిశోధనలో అది మామూలే, ఇరుపక్షాల వాదనలూ చదవదగ్గవే.

నన్ను కలవరపెట్టేది మధ్యలోని ఆ మూడేళ్లు. ఒక అంకె పేపర్లోకి ఎక్కింది, ఉపన్యాసాల్లోకి వెళ్లింది, చట్టసభల్లో వినిపించింది. దానికి సవరణ వచ్చేనాటికి అది జనం నమ్మకమైపోయింది. ఇందులో అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ‘పెరిగింది’ అన్నది వార్త, ‘ఆగి చూడండి’ అన్నది వార్త కాదు, అంతే. ఇంతకు ముందు మిల్వాకీలోనూ ఇదే జరిగింది. రాష్ట్రం తరఫున పరిశీలించిన జాన్ విట్టె పరీక్ష మార్కుల్లో తేడా లేదన్నారు. 1996లో పీటర్సన్, ఆయన సహచరులు లాభం ఉందని లెక్కగట్టి వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాశారు. 1998లో సిసీలియా రౌజ్ మూడో లెక్క వేసి గణితంలో లాభం ఉంది, చదవడంలో లేదు అన్నారు. ఈ మూడో మాటకు శీర్షిక పెట్టడం కష్టం. అందుకేనేమో అది ఎవరికీ గుర్తులేదు.

లాటరీ డబ్బాలో లేని పేర్లు

కెమెరాలకు లాటరీ అంటే ఇష్టం. చీటీ తీసే చెయ్యి, ఊపిరి బిగబట్టిన ముఖాలు, పేరు పిలవగానే కేక. ఆ దృశ్యంలోని బాధ నిజమైనదే, పిల్లల చదువును చీటీలకు వదిలేసిన సమాజం సిగ్గుపడాల్సిందే. కానీ ఆ దృశ్యం చూసేవాళ్లు ఒక మాట అడక్కుండానే నమ్మేస్తారు: గెలిస్తే బాగుపడినట్టు, ఓడితే చెడినట్టు. అది నిజమో కాదో తెలియాలంటే ఇద్దర్నీ కొన్నేళ్లపాటు వెంటాడాలి.

అలా వెంటాడిన పరిశోధనల్లో ప్రపంచమంతా చెప్పుకునే ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 180 గ్రామాల్లో చేశారు, ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. లాటరీ ద్వారా కొందరు ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు-సోషల్‌లో గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు చాలా ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ ప్రాథమిక బడిలో హిందీ చెప్పరు, ప్రైవేటులో చెబుతారు. టైంటేబుళ్లు పరిశీలిస్తే, ప్రైవేటు బడులు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం ఇస్తూ కూడా ఆ రెండింట్లో సమానంగా నిలిచాయి. ఆ బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. ప్రైవేటు టీచర్ల జీతాలు బాగా తక్కువ కావడం దీనికి ముఖ్య కారణం.

ఈ పరిశోధనను ఒకరు ‘ప్రైవేటు బడితో ఒరిగేదేమీ లేదు’ అని చదివారు. ఇంకొకరు ‘మూడో వంతు ఖర్చుతో అదే ఫలితం’ అని చదివారు. రెండూ అందులో ఉన్నవే. ఒక్కోటి విడిగా శీర్షికైతే రెండూ తప్పుదారి పట్టిస్తాయి. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది వేరు. మామూలుగా చూస్తే ప్రైవేటు పిల్లలకు మార్కులు ఎక్కువే వస్తాయి. కానీ ఆ ఎక్కువలో చాలా భాగం ఇంటిదే, బడిది కాదు అని ఈ లాటరీ తేల్చింది. ఏటా ఫలితాల రోజున ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి ఉత్తీర్ణత శాతాల్ని పక్కపక్కన పెట్టి గ్రాఫిక్ వేసే ప్రతి డెస్కులోనూ ఈ ఒక్క వాక్యం గోడకు అంటించి ఉండాలి.

అలాగని లాటరీ గెలిచినా లాభం ఎక్కడా లేదనుకోవడం కూడా పొరపాటే. కొలంబియాలో గెలిచిన పిల్లలు ఎనిమిదో తరగతి పూర్తి చేసే అవకాశం ఓడినవాళ్లకన్నా సుమారు 10 శాతం పాయింట్లు ఎక్కువని జాషువా ఆంగ్రిస్ట్, మైఖేల్ క్రెమర్ తదితరులు 2002లో చూపించారు. ఆ ఇద్దరికీ వేరే కృషికి తర్వాత నోబెల్ వచ్చింది. వాషింగ్టన్‌లో 2010 నాటి నివేదిక ప్రకారం మార్కుల్లో నికరమైన తేడా లేదు, హైస్కూలు పూర్తి చేసినవాళ్లు మాత్రం 12 శాతం పాయింట్లు ఎక్కువ. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో వౌచర్ తీసుకున్న పిల్లల గణితం మార్కులు బాగా పడిపోయాయి. ఒకే పేరున్న విధానం ఒకచోట నిలబెట్టింది, ఒకచోట పడేసింది, ఇంకోచోట ఏమీ చేయలేదు. ఏ బడులు ముందుకొచ్చాయి, ఎంత డబ్బు ఇచ్చారు, పిల్లలు అంతకుముందు చదివిన బడి ఎలాంటిది అన్న వాటిని బట్టి ఫలితం మారుతుంది. ‘వౌచర్లు పనిచేస్తాయా’ అని పెట్టే టీవీ చర్చకు జవాబు లేకపోవడం అందుకే.

ఇక లాటరీ డబ్బాలోకే రాని పేర్ల సంగతి. బ్రిటన్ పథకాన్ని 1980లలో టోనీ ఎడ్వర్డ్స్, జాన్ ఫిట్జ్, జెఫ్ విట్టీ పరిశీలించారు. సాయం అందుకున్నవాళ్లలో ఆదాయం తక్కువే అయినా చదువు, పరిచయాలు ఉన్న మధ్యతరగతి కుటుంబాలు చాలా కనిపించాయి. కార్మిక కుటుంబాల పిల్లలు తక్కువ. పథకం ఎవరి పేరు చెప్పి పుట్టిందో వాళ్లకు సరిగా చేరలేదు. దరఖాస్తు అన్నది ఎక్కడైనా ఒక జల్లెడే. సమాచారం తెలియాలి, ఆదాయ ధ్రువపత్రం తేవాలి, నివాస రుజువు చూపాలి, ఆన్‌లైన్ ఫారం నింపాలి, ఒక రోజు కూలి వదులుకోవాలి. వలస వచ్చిన కుటుంబానికి ఆ ఊళ్లో చిరునామాయే ఉండదు. చీటీ పడకపోవడం వార్త అవుతుంది, దరఖాస్తే పెట్టలేకపోవడం ఎప్పటికీ వార్త కాదు.

2017లో వచ్చిన ‘హిందీ మీడియం’ సినిమా ఈ జల్లెడనే తిరగేసి చూపింది. డబ్బున్న జంట సీటు కోసం పేదలుగా నటించడం అందులో కథ. జనం చర్చ అప్పటినుంచి దొంగ సర్టిఫికెట్ల వైపు బాగా మళ్లిందని నాకనిపిస్తుంది. మోసం ఉంది, పట్టుకోవాలి. కానీ దొంగ పత్రం పుట్టించినవాడికి కథ దొరికింది, అసలు పత్రమే సంపాదించలేని తల్లికి దొరకలేదు.

మిల్వాకీ కథకు ఒక తోక ఉంది, అదీ తక్కువమందికే తెలుసు. ఆ చట్టాన్ని పట్టుబట్టి తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు పాలీ విలియమ్స్, నల్లజాతి డెమోక్రాట్ శాసనసభ్యురాలు. రిపబ్లికన్ గవర్నర్ టామీ థాంప్సన్‌తో చేతులు కలిపారు. పత్రికలు ఆమెను ఎంపిక హక్కు ఉద్యమానికి తల్లి అన్నాయి. ఆ తర్వాత పథకాన్ని పేదల పరిధి దాటించి ఆదాయ పరిమితులు సడలిస్తుంటే ఆమె గట్టిగా వ్యతిరేకించారు. ఇది తమ పిల్లల కోసం తెచ్చుకున్నది అన్నది ఆమె వాదన. ప్రారంభించిన తల్లిగా వచ్చినంత ప్రచారం, అభ్యంతరం చెప్పిన తల్లిగా ఆమెకు రాలేదు.

‘మా పిల్లలు చెడిపోతారు’

ఇది రాయడానికే కష్టంగా ఉంది, కానీ దాటేయకూడదు. భారత్‌లో 25 శాతం సీట్ల మీద వచ్చిన వార్తల్లో ఒక భయం మొదటినుంచీ వినబడుతోంది. పేద పిల్లలు వస్తే క్లాసు స్థాయి పడిపోతుంది, భాష చెడిపోతుంది, ఆ పిల్లలూ ఇమడలేక న్యూనతతో నలిగిపోతారు. ఈ చివరి మాటను జాలిగా చెబుతారు కాబట్టి అది పక్షపాతంలా కనిపించదు.

2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఈ సెక్షన్‌ను సమర్థించింది. సుమారు మూడు నెలలకు బెంగళూరులో ఒక బడి మీద ఆరోపణ వచ్చింది, ఈ సీట్లలో చేరిన పిల్లల్ని గుర్తుపట్టేందుకు తలమీద జుట్టు కుచ్చులు కత్తిరించారని. బడి కాదంది. వార్త దేశమంతా మారుమోగింది, మారుమోగాల్సిందే. అయితే ఈ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లోనే ఈ పిల్లల్ని తరగతి గదిలో వేరు చేయకూడదని, వాళ్లకు వేరే చోట, వేరే వేళల్లో క్లాసులు పెట్టకూడదని ఉంది. ఆ నిబంధన ఎన్ని బడుల్లో అమలవుతోందో, మధ్యాహ్నం బ్యాచ్ అంటూ విడిగా కూర్చోబెట్టే చోట ఎవరు తనిఖీ చేస్తున్నారో చూసే వార్తలు ఆ జుట్టు కథతో పోలిస్తే ఎన్ని వచ్చాయి? ఒక ఘోరం దొరికితే రాస్తాం. రోజూ జరిగే చిన్న అవమానాన్ని రాయడానికి బడిలో నెలల తరబడి కూర్చోవాలి.

అలా కూర్చుని కొలిచిన ఆర్థికవేత్త గౌతమ్ రావు. ఢిల్లీలో చవకగా ప్రభుత్వ భూమి పొందిన ఖరీదైన బడులు 2007 నుంచి పేద పిల్లల్ని చేర్చుకోవాల్సి వచ్చింది. దాంతో ఒకే బడిలో కొన్ని తరగతుల్లో పేద సహపాఠీలు ఉన్నారు, పైతరగతుల్లో లేరు. ఈ తేడాను ఆయన వాడుకున్నారు. ఆయన పెట్టిన పోటీల్లో నాకు బాగా నచ్చింది రిలే పరుగు. గెలిస్తే నగదు బహుమతి. డబ్బున్న పిల్లలు తమ జట్టులోకి ఒకర్ని ఎంచుకోవాలి: వేగంగా పరిగెత్తే పేద పిల్లవాణ్నా, నెమ్మదిగా పరిగెత్తే తమలాంటి వాణ్నా? పరుగుతో అయిపోదు, ఎంచుకున్న జతగాడితో తర్వాత కొంతసేపు గడపాలి కూడా. ఓడిపోయే ప్రమాదం ఉన్నా కొందరు తమలాంటివాణ్నే తీసుకున్నారు. అప్పటికే పేద సహపాఠీలతో కలిసి చదువుతున్న పిల్లల్లో అలా చేసినవాళ్లు తక్కువ. వాళ్లు ఇతరులతో ఎక్కువగా పంచుకున్నారు, స్వచ్ఛంద పనికి ఎక్కువగా ముందుకొచ్చారు.

మరి చదువు? హిందీలో, లెక్కల్లో తేడా లేదు. ఇంగ్లీషులో కొద్దిగా తగ్గింది. క్లాసులో బూతు మాటలు వాడడం కాస్త పెరిగింది. ఇవి కూడా 2019లో అచ్చయిన ఆ పరిశోధనలోనే ఉన్నాయి, దాచకుండా చెప్పాలి. భయపడే తల్లిదండ్రుల మాటలో ఆవగింజంత నిజం ఉందని ఒప్పుకున్నాకే, మిగతా కొండంత భయానికి ఆధారం లేదని చెప్పే అర్హత మనకు వస్తుంది. ‘మా పిల్లలకేమవుతుంది’ అని అడిగే చర్చలో ‘మీ పిల్లలు కాస్త మంచి మనుషులవుతారు’ అన్నది కూడా ఒక కొలిచిన ఫలితమే. దానిమీద ప్రైమ్‌టైమ్ చర్చ నేనింతవరకు చూడలేదు.

ఒక్క బిడ్డ కథ ఏం చేస్తుంది

విలేకరుల్ని తప్పుపట్టడం సులువు. వాళ్లకు సాయంత్రం ఆరింటికల్లా కథ కావాలి. ఒక బిడ్డ ముఖం పాఠకుణ్ని ఆపినట్టు ఏ పట్టికా ఆపలేదు. కానీ దానికో ఖరీదు ఉంది. రాజకీయ ప్రసారాల్ని పరిశోధించిన శాంటో అయ్యంగార్ అమెరికన్ ప్రేక్షకులకు పేదరికం మీద రెండు రకాల టీవీ వార్తలు చూపించారు. ఒకటి ఫలానా మనిషి కథగా, రెండోది దేశంలోని పరిస్థితిగా. మనిషి కథ చూసినవాళ్లు కష్టానికి కారణం ఆ మనిషిలోనే వెతికే వైపు మొగ్గారు. పరిస్థితి చూసినవాళ్లు సమాజాన్నీ ప్రభుత్వాన్నీ బాధ్యుల్ని చేశారు. సీటు వచ్చిన బిడ్డ కథ కూడా ఇలాగే పనిచేస్తుంది. పట్టుదల ఉంది కాబట్టి పైకొచ్చింది అనుకుంటాం. పక్కింటి పిల్ల రాలేదంటే ఆమెకు పట్టుదల లేదని మనసులో ఏదో మూల రాసుకుంటాం.

మనిషిని వదిలేసి వ్యవస్థను మాత్రమే రాసినా సరిపోదు. మన దగ్గర కోర్టు వార్తలు అలాంటివే. ఇళ్లకు దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటు బడి ఈ సీట్లు ఇవ్వక్కర్లేదని కర్ణాటక నిబంధన మార్చింది, 2019లో హైకోర్టు దాన్ని సమర్థించింది. మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో కిలోమీటరు హద్దు పెట్టి అదే పని చేసింది, ఆ ఏడాది జూలైలో బాంబే హైకోర్టు కొట్టేసింది. రెండూ ప్రభుత్వం, యాజమాన్యాలు, న్యాయస్థానం మధ్య పోటీగా అచ్చయ్యాయి, ఎవరు గెలిచారన్న ధోరణిలో. దగ్గరున్న ప్రభుత్వ బడి ఎలా ఉంది, ఆ నిబంధనతో అక్కడికి వెళ్లిన పిల్లలు ఎలా ఉన్నారు అన్నది ఆ పోటీలో ఎవరి పక్షమూ కాదు.

చిలీలో ఈ మౌనాన్ని పిల్లలే బద్దలుకొట్టారు. వౌచర్ పాలనలో ప్రైవేటు బడులు బాగా పెరిగాయి, కానీ మంచి స్థితిలో ఉన్నవాళ్లు ఒకవైపు, పేదలు ఒకవైపు విడిపోయారని, దేశ సగటు చదువు మెరుగుపడిన దాఖలా లేదని ఆర్థికవేత్తలు షియే, ఉర్కియోలా 2006లో లెక్కగట్టారు. ఆ ఏడాదే హైస్కూలు పిల్లలు వీధుల్లోకి వచ్చారు. నలుపు తెలుపు యూనిఫాం వల్ల జనం వాళ్లను పెంగ్విన్లు అన్నారు. అప్పుడు మీడియాకు ఒక్క బిడ్డ ముఖం బదులు లక్షలమంది కనిపించారు, అడిగే ప్రశ్న మారింది. 2008లో పేద పిల్లలకు అదనపు నిధులిచ్చే చట్టం, 2015లో ప్రభుత్వ డబ్బు తీసుకునే బడులు పిల్లల్ని ఏరుకోవడాన్నీ లాభాపేక్షనూ ఆపే చట్టం వచ్చాయి.

ఇక మొదట్లో చెప్పిన పిల్ల దగ్గరికి. మన చట్టంలో హామీ ప్రాథమిక విద్య వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకా. ఆరేళ్లకు చేరిన పిల్లకు అప్పటికి పద్నాలుగు. తొమ్మిదో తరగతికి వెళ్లే జూన్‌లో అదే బడి, అదే బెంచీ, అవే స్నేహాలు, కానీ ఈసారి ఫీజు కట్టాలి, అదీ పూర్తిగా. కొన్నిచోట్ల ఏదో ఏర్పాటు ఉంటుంది, చాలాచోట్ల తల్లిదండ్రులు టీసీ తీసుకుంటారు, లేదా అప్పు చేస్తారు. చట్టం వచ్చిన తొలి ఏళ్లలో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2019 ప్రాంతంలోనే ఈ మలుపుకి చేరారు, ఆ తర్వాత ఏటా ఒక బ్యాచ్ చేరుతోంది.

దీనిమీద వార్త రాయడానికి కొత్తగా వెతకాల్సింది పెద్దగా లేదు. ఈ సీట్లకు లాటరీ జరిగిన ఏ జిల్లా అయినా తీసుకుని, ఎనిమిదేళ్ల కిందటి ఎంపిక జాబితా విద్యాశాఖ నుంచి సమాచార హక్కు కింద అడగొచ్చు. అందులోంచి ఓ ఇరవైమంది ఇళ్లకు వెళ్లి ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారో కనుక్కోవచ్చు. ఆ ఏడాది దరఖాస్తు పెట్టుకుని పేరు రాని పిల్లల వివరాలూ అదే శాఖ దగ్గర ఉండాలి. ఇంకో ఇరవై ఇళ్లకు కూడా వెళ్లాలి.